బొమ్మ ముందు, చీర తరువాత

మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. ఈలోగా ముగ్గురం కలిసి ఎక్కడికైనా రెండు రోజులు వెళ్ళి రావాలని దాని కోరిక. చిత్రలేఖనం నేర్చిన పిల్ల. అంచేత హైదరాబాదు వెళ్ళి సాలార్‌జంగ్ మ్యూజియం చూద్దామన్నది. అక్కడి గడియారం గంట కొట్టేదాకా నిలబడి కాళ్ళు పీకిన సంగతి నేనింకా మరువలేదు. "పెళ్ళి చీరకు ఎలాగూ ధర్మవరం వెళ్ళాలి. పనిలో పనిగా ఆ చుట్టుపక్కల చూద్దాం" అన్నాను. ఇందులో నా పొదుపు కూడా ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

కర్నూలు నుంచి రైలులో వెళితే ముందు ధర్మవరం, తరువాత పెనుకొండ, ఆ పైన హిందూపురం వస్తాయి. ఆ వరసలోనే కాగితం మీద రాసి ఇచ్చాను. మా ఆవిడ చదివి మొత్తం తలకిందులు చేసింది. "ముందు చీర కొనేసి, తరువాత లేపాక్షిలో నిలబడి అయ్యో అనుకోవాలా?" అన్నది. నిజమే. మీరూ హిందూపురం దాకా పోయి వెనక్కి రండి.

హిందూపురానికి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరాలి. ఎండెక్కితే ఆ రాతిమీద వట్టి కాళ్ళతో నడవలేము. వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. వచ్చినవారు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఆశ్చర్యపడి, వెళ్ళిపోతున్నారు. తల ఎత్తేవారు తక్కువ. అసలు సంపద పైకప్పు మీదనే ఉన్నది: పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, కావిరంగు, పసుపు, ఆకుపచ్చ, చుట్టూ నల్లని గీత. మగవారికి పొడుగాటి కుళ్ళాయిలు. ఇక ఆడవారి చీరలా! చారలు, గళ్ళు, పువ్వులు. ఒకదానిలా ఒకటి లేదు. మెడ పట్టేస్తుంది గనుక చేతి అద్దం ఒకటి వెంట ఉంచుకోండి. మా ఆవిడ తన సంచీలోని అద్దం నేలకు దగ్గరగా పట్టి, "ఈ అంచు మా అమ్మ చీరకు ఉండేది" అన్నది. ఆ పక్కనే రంగు పెచ్చులూడి బోసి రాయి కనిపిస్తున్నది.

బయట లతామండపం ఉన్నది. స్తంభాల నిండా తీగలు, పువ్వులు, హంసలు. చీరల అంచులకు ఎక్కిన నమూనాలు ఇవే. అమ్మాయి ఒక తీగ దగ్గర చతికిలబడి రెండు గంటలు గీసింది. నేను ఈలోగా ఏకశిలా నందిని చూసి వచ్చాను. పొడవు 27 అడుగులు.

1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. అక్కడ గగనమహల్ చూశాము. కింద తురక తీరు కమానులు, పైన గుడిగోపురం లాంటి శిఖరం. ఓడినవారూ గెలిచినవారి కమానును వదులుకోలేదన్నమాట.

మర్నాడు ధర్మవరం. ఒక మగ్గం ఉన్న ఇంట్లో పెద్దాయనకు అమ్మాయి తన కాగితం చూపి, ఈ తీగే అంచుగా కావాలన్నది. ఆయన నవ్వలేదు, కాదనలేదు. బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద చుక్కలుగా దించాలట. వరసకొక అట్ట చొప్పున చిల్లులు కొట్టి, అట్టలన్నీ దండగా కట్టి మగ్గానికి ఎక్కించాలట. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. "ఒక్క చీరకు ఇంత చేస్తే అట్టల ఖర్చే గిట్టదమ్మా. పది చీరలు అడిగేవాళ్ళుంటే యజమాని ఒప్పుకుంటాడు. మరమగ్గం చీర చవగ్గా దొరికేటప్పుడు పదిమంది యాడొస్తారు?" అన్నాడు.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. నేను తొందరపడి, ఉన్నవాటిలోనే ఒకటి చూడమన్నాను. పెద్దాయన మాత్రం కాగితం వదలలేదు. అటు తిప్పి, ఇటు తిప్పి,

"ఏమ్మా, ఈ తీగ మళ్ళా యాడ మొదలయ్యేది? అది గీయలేదే. అతుకు తెలీకుంటే అంచు సాగదు" అన్నాడు.

అమ్మాయి నోట మాట లేదు. రెండు గంటలు గీసినా అది చూసుకోలేదు.

"అది గీసుకొని రా. మా యజమానిని నేను అడిగి చూస్తా" అన్నాడాయన.

మా ఆవిడ అద్దం సంచీలో పెట్టుకుంటూ, హిందూపురం బండి ఎన్ని గంటలకో కనుక్కోమన్నది.