గూట్లో లోటా

మా ఊరు హోసూరుకు పక్కనే. బడి చదువంతా కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బస్సుల్లో, ఆఫీసుల్లో అరవం. ఈ పక్కల పుట్టినవాళ్లకు ఇది కొత్తేం కాదు, మీ ఇండ్లల్లోనూ ఇట్లే ఉంటుంది. తెలుగు అక్షరాలు మాకు ముప్పై దాటినాకే వచ్చె. కన్నడ లిపి తెలిసినోళ్లకు తెలుగు లిపి పెద్ద కష్టం కాదు. తలకట్టు పట్టుబడితే మిగతాది మెల్లగా వస్తుంది.

చిన్నప్పుడు క్రిష్ణగిరికి ఆటల పోటీలకు పోతే అక్కడి పిల్లోళ్లు మమ్మల్ని 'గొల్టి' అని ఎగతాళి చేస్తా ఉండిరి. పెద్దయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో చేరితే, ఆంధ్రా నుంచి వచ్చినోళ్లు 'ఇదేం తెలుగండీ' అని నవ్విరి. పుట్టుకను చూసి, మాటను చూసి తక్కువ చేస్తారనే కోపం మాకు అప్పటినుంచీ ఉండాది. జాషువా 'గబ్బిలం' చదివేదాకా ఆ కోపం అంతా బయటోళ్ల మీదే.

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టిరి. అంటరానితనం ఆయన సొంతంగా అనుభవించింది, ఎవరో చెప్తే విన్నది కాదు. 'గబ్బిలం' 1941లో వచ్చె. కాళిదాసు కావ్యంలో యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో ఒక పేద అంటరానివాడు గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? గుడిలోకి ఆ మనిషిని రానీరు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అది పైన తలకిందులుగా వేలాడుతా దేవుడి చెవి దగ్గరే ఉంటుంది. పూజారి లేని సమయం చూసి నా కష్టం చెప్పు అని బతిమాలుకుంటాడు.

మా పనిలో ప్రోగ్రాం తప్పు అని ఊరికే వాదిస్తే ఎవరూ వినరు. ఒక్క టెస్ట్ కేసు చూపించాల. జాషువా చేసింది అదే అనిపించె. అదే వాకిలి, ఒకసారి గబ్బిలం, ఒకసారి మనిషి. దాని తరువాత వాదించేదానికి ఇంకేముండాది?

అప్పుడు వినుకొండా, హోసూరూ రెండూ మద్రాసు రాజధానిలోనే ఉండె. మన తొరపల్లిలో పుట్టిన రాజాజీ ఆ ప్రభుత్వాన్ని నడిపేటప్పుడు, 1939లో, గుడి పెద్దలు ఒప్పుకొంటే అందరినీ లోపలికి రానిచ్చేదానికి చట్టం వచ్చె. అది హక్కుగా మారింది 1947లో. ఈ రెండు చట్టాల నడుమ వచ్చిన కావ్యం 'గబ్బిలం'.

దీనికి ఇరవై ఏండ్ల ముందే గరిమెళ్ల సత్యనారాయణ తెల్లోళ్ల దొరతనం మాకొద్దని పాట కట్టితే, కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్ల దొరతనము' రాసిరి. తెల్లోడు రంగు చూసి తక్కువ చేస్తే మనకు రోషం వస్తుంది. మరి మనం మన ఊర్లో చేసేది ఏంది అనేది ఆయన ప్రశ్న. కన్నడంలో సిద్ధలింగయ్యగారి 'హొలెమాదిగర హాడు' మేము కాలేజీ రోజుల్లోనే చదివింటిమి. అప్పుడు అది ఎవరో గౌడల కత, మనది కాదు అనుకొంటిమి.

మా తాత పశువుల కొట్టంలో, గోడ గూట్లో, ఒక సత్తు లోటా ఉండె. చేని పనికి వచ్చే ఒక పెద్దాయనకు కాఫీ అందులోనే. అవ్వ పైనుంచి పోస్తా ఉండె. తాగినాక ఆయనే కడిగి, మళ్లీ గూట్లో బోర్లించి పోతా ఉండె. ఊర్లో పిల్లులన్నీ మా వంటింట్లో తిరుగుతా ఉండె. ఆయన మా గడప దాటింది మాత్రం మేము ఒక్కనాడూ చూడలేదు. అది మాకు వింతగా కూడా అనిపించలేదు. 'గబ్బిలం' చదివిన రాత్రి ఆ పిల్లులూ, ఆ లోటా గుర్తుకొచ్చె. నిద్ర పట్టలేదు.

మా కుటుంబం గురించి ఇక్కడ చానా రాసినాం. తాత తవ్వించిన బావి, రాగి చేను, పాత పెండ్లి ఫోటోలు అన్నీ పెట్టినాం. లోటా సంగతి మాత్రం ఇంతవరకూ రాయలేదు. ఈసారి రాసి నాయనకు చదివి వినిపిస్తిమి. ఇంటి మాట బయట పెడతారా అని కోప్పడతారనుకొంటిమి. ఆయన కొంచేపు ఊరికే ఉండి, "ఆయప్ప పేరు రాయలేదే" అనిరి.

పేరు మాకు తెలీదు. ఇంట్లో అందరూ కులం పేరుతోనే పిలుస్తా ఉండిరి. నాయన కూడా ఆలోచన చేసిరి, గుర్తుకు రాలేదు. అవ్వకు తెలిసుండేదేమో, అవ్వ ఇప్పుడు లేదు. ఆయన కొడుకు సిప్‌కాట్‌లో పనికి పోతాడంట. వచ్చే ఆదివారం ఊరికి పోయి, వాళ్లింటికే పోయి, పేరు అడగాలని ఉండాం.