చెమ్మ ఊళ్ళో మతాబుల పెట్టె

భీమవరం నుంచి గుడివాడ వెళ్ళే రైలెక్కితే మధ్యలో మా ఆకివీడు వస్తుంది. దిగి ఏ వైపు చూసినా నీళ్ళే. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కొల్లేటి నీటిని సముద్రానికి మోసుకుపోయే ఉప్పుటేరు. చూడటానికి కన్నులపండుగే గానీ, ఇక్కడ ఇల్లు నడిపే ఆడవాళ్ళని అడగండి! ఉప్పుజాడీలో నీరూరుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్ల గీస్తే ఓ పట్టాన అంటుకోదు.

దీపావళి మందుగుండుదీ అదే అవస్థ. మగవాళ్ళు సంచీ తెచ్చి, "చెమ్మెక్కకుండా చూడు" అని మన చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. ఇంట్లో పొడిగా ఉండే చోటేది? వంటిల్లే! అలా ఆ పెట్టె పొయ్యి పక్క అటకెక్కుతుంది. కింద తిరగమోత చిటపటలు, పైన చిచ్చుబుడ్లు. చెరువులున్నవాళ్ళకి పండుగతో కూడా తీరదు. చేపల్ని తినే పిట్టల్ని బెదరగొట్టడానికి టపాకాయలు కావాలి కదా.

కొందరు గాలి చొరకుండా స్టీలు డబ్బాలో బిగిస్తారు. అది మరీ ప్రమాదమండీ. నల్లమందులో ఉండేది సూరేకారం, గంధకం, బొగ్గు. మండటానికి కావలసిన ప్రాణవాయువు సూరేకారంలోనే ఉంది. అందుకే మూత పెడితే దీపం ఆరినట్టు ఇది ఆరదు. పొగ పోయే దారిలేక, ఆవిరి బిగిసిన కుక్కరులా డబ్బానే పేలుతుంది. అట్టపెట్టెలో, పొయ్యికీ గ్యాసు బండకీ దేవుడి దీపానికీ దూరంగా, పిల్లలకందని గదిలో పెట్టడమే మేలు. విడి మందు మాత్రం గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. ఇంట్లో మందు నూరి చిచ్చుబుడ్లు కూరే సరదా అసలే వద్దు. 2022 నవంబరులో తాడేపల్లిగూడెం దగ్గర కడియద్దలో బాణసంచా తయారుచేసేచోటే పేలుడు జరిగి ప్రాణాలు పోయాయి.

ఉల్లిపాయ బాంబుల సంగతి వేరు. వాటికి నిప్పుతో పనిలేదు, దెబ్బ తగిలితే చాలు. 2024 దీపావళినాడు ఏలూరులో స్కూటరు మీద వాటి మూట తీసుకెళ్తుంటే, బండి గోతిలో పడి మూట పేలింది. ఒకరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. అటక మీంచి జారినా అంతే కదా! అవి కొనకపోతే పిల్లలు ఒక పూట అలుగుతారు, అలగనివ్వండి.

మిగతావి పండుగకి ఒకరోజు ముందు కొంటే చెమ్మ బెంగ సగం తీరుతుంది. మెత్తబడినవాటిని పొయ్యి దగ్గర ఆరబెట్టకండి. పేలనివాటితో కలిపి బకెట్టు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, తెల్లారి పారేయండి. చేపల చెరువులో మాత్రం కాదు సుమా!