64 వాటాల పడవ

ఇంగ్లండు దక్షిణ తీరాన లిమింగ్టన్ అనే చిన్న ఊరుంది. సౌతాంప్టన్‌లో కాపురముంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి రెండు నెలలున్నప్పుడు ఆ ఊరికి మూడుసార్లు వెళ్ళాను. లండన్ చూడడానికి వెళ్ళాం, ఆక్స్‌ఫర్డ్ చూడడానికి వెళ్ళాం. లిమింగ్టన్‌కు మాత్రం వెళ్ళింది బేరానికి. మా అల్లుడు ఒక పాత తెరచాప పడవ కొంటానని పట్టుబట్టాడు. యజమాని అడిగిన ధర 18 వేల పౌన్లు. ఇల్లు కొనడానికని వాళ్ళిద్దరూ కూడబెట్టుకున్న డబ్బులో అది సగానికి కాస్త తక్కువ.

"నాన్నా, నువ్వు బ్యాంకులో ఇన్నేళ్ళ నుంచి ఉన్నావు కదా, ఒకసారి వెళ్ళి చూసి చెప్పు" అంది అమ్మాయి. అందులో "వద్దని చెప్పు" అనే మాట దాగి ఉందని కన్నతండ్రికి తెలియకపోదు. ఇక అల్లుడు "మామయ్యగారూ, చూస్తే మీకే నచ్చుతుంది" అన్నాడు. నేను ఎవరికీ మాట ఇవ్వకుండా బయల్దేరాను.

సౌతాంప్టన్ నుంచి రైలెక్కి బ్రోకెన్‌హర్స్ట్‌లో బండి మారాలి. అక్కడి నుంచి వెళ్ళే కొసరు లైనులో రెండే స్టేషన్లు. దారి పొడుగునా న్యూ ఫారెస్ట్. పేరుకు కొత్త అడవేగానీ వెయ్యేళ్ళ నాటిది. గుర్రాలు మన ఊళ్ళో ఆవుల్లాగా రోడ్డు మీద యథేచ్ఛగా తిరుగుతుంటే కార్లే ఆగి దారిస్తాయి. లిమింగ్టన్ పెద్దవీధి కొండవాలుగా నది ఒడ్డుకు దిగుతుంది. శనివారం అక్కడ సంత. ఒకప్పుడు ఈ ఊరు ఉప్పుకు ప్రసిద్ధి. గాలిమరలతో సముద్రపు నీరు తోడి, ఇనుప పెనాల్లో మరిగించి ఉప్పు తీసేవారట. మా గంజాం జిల్లా హుమ్మలో సూర్యుడు ఉచితంగా చేసే పనికి వీళ్ళు బొగ్గు కొనవలసి వచ్చింది పాపం. ఆ ఉప్పుమడులు మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడా చిత్తడి నేలల్లో పక్షులుంటాయి. నది నిండా పడవ స్తంభాలే, కోసిన చేలో మిగిలిన దుబ్బుల్లాగా.

మేము చూడబోయిన పడవ నీటిలో లేదు. నేల మీద, దన్నుకర్రల మధ్య నిలబెట్టి ఉంది. చూడగానే నాకు విచిత్రమనిపించింది. నీటిలో పొట్టిగా కనబడే పడవ, ఒడ్డున మేడంత ఎత్తు. అడుగున కీల్ అనే పొడవాటి రెక్క ఉంటుంది. బరువంతా అందులోనే. ఇది కంటెస్సా 32 రకం. ఈ ఊళ్ళోనే జెరెమీ రోజర్స్ అనే ఆయన 1971 నుంచి తయారుచేసిన పడవ. పొడవు 32 అడుగులు, వెడల్పు తొమ్మిదిన్నర. మొత్తం బరువు సుమారు 4,300 కిలోలైతే అందులో 2,000 కిలోలకు పైగా కీల్‌లో దాచిన బరువే! సగానికి సగం రిజర్వు ఫండన్నమాట.  పడవ పక్కకు ఒరిగి స్తంభం నీళ్ళను తాకినా మళ్ళీ లేపి నిలబెట్టేది అదే. 1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ అనే పడవ పందెంలో 303 పడవలు బయల్దేరగా తుపాను విరుచుకుపడి 15 మంది నావికులు పోయారు. అందులో అతి చిన్న పడవల తరగతిలో పందెం పూర్తిచేసింది ఒకే ఒక్కటి. అది కంటెస్సా 32. అల్లుడు ఈ కథ ఇంట్లో నాలుగుసార్లు చెప్పాడు. మా అమ్మాయికి మాత్రం 15 అన్న అంకే గుర్తుండిపోయింది.

నేను ఉద్యోగంలో కొంతకాలం తీరప్రాంతంలో పనిచేసి మరపడవలకు అప్పులిచ్చాను. గోపాల్‌పూర్ ఇసుకలో మన నోళియాలను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. వాళ్ళు ఒడిశాలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ తెప్పకు కీల్ ఉండదు. ఉంటే కెరటం మీద ఒడ్డెక్కలేదు. దుంగల్ని తాళ్ళతో కట్టి, పనయ్యాక విప్పి ఆరబెట్టేవారు. ఏ నీటికి తగిన పడవ ఆ నీటిది. కాబట్టి ఇంగ్లీషు పడవ గొప్పదని నేను తలవంచలేదు. అయితే సముద్రమంటే భయపడే ఆడపిల్ల అని మా అమ్మాయిని తీసిపారేయనూలేదు. 2017 సెప్టెంబరులో మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు 56 అడుగుల తెరచాప నౌకలో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. నౌక పేరు తారిణి, మా బరంపురం దగ్గర కొండమీది తారాతారిణి అమ్మవారి పేరే. ఈ సంగతి చెబితే మా అమ్మాయి, "వాళ్ళకు జీతమిచ్చి పంపారు నాన్నా" అంది. కామర్సు బుర్ర నాదే వచ్చింది.

నిచ్చెన వేసుకుని పైకెక్కాం. లోపల మన రైలు పెట్టెకన్నా ఇరుకు. మెట్లు దిగితే ఎడమవైపు వంటిల్లు, కుడివైపు సముద్రపు పటాలు పరిచే బల్ల, తరవాత పడుకునే బల్లలు, మధ్యలో మడతబల్ల, ముందు మూలలో ఇద్దరికి పడక. 20 హార్స్‌పవర్ డీజిలింజను మెట్ల వెనక. స్టవ్వు మాత్రం నన్ను ఆకట్టుకుంది. రెండు పక్కలా ఇరుసుల మీద ఊయలలా వేలాడుతుంది. పడవ ఎంత ఒరిగినా గిన్నె సమంగా ఉంటుందట.

యజమాని ఎనభై దాటిన పెద్దాయన. మోకాళ్ళు సహకరించక అమ్ముతున్నాడు. ప్రతి ప్రయాణమూ రాసిన లాగు పుస్తకాలు పదకొండు వరసగా పెట్టి చూపించాడు. సగం పేజీల్లో దస్తూరీ భార్యది. ఆమె లేదు. అవి కూడా పడవతోపాటే ఇస్తానన్నాడు. బేరమాడడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఆ పని సర్వేయరుకు వదిలేశాం.

రెండోసారి వెళ్ళింది సర్వేయరుతో. ఆయన చిన్న సుత్తితో పడవ ఒళ్ళంతా తట్టుతూ, వైద్యుడు గుండె విన్నట్టు విన్నాడు. గ్లాస్‌ఫైబరు పొరల్లోకి ఏళ్ళ తరబడి నీరింకితే బొబ్బలు లేస్తాయి. దాన్ని ఆస్మాసిస్ అంటారు. తేమ కొలిచే మీటరు పెట్టి చూసి, ఉంది గానీ ముదరలేదన్నాడు. స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కుతీగలు మాత్రం వయసు మీరాయి, మార్చందే బీమా ఇవ్వరన్నాడు. ఆ ఖర్చు లెక్కగట్టి చూపిస్తే పెద్దాయన రెండు వేలు తగ్గించాడు.

నా వంతు కాగితాల దగ్గర వచ్చింది. బ్రిటన్‌లో నౌకల రిజిస్టరు మొదటి భాగంలో నమోదైన ప్రతి నౌకనూ 64 వాటాలుగా లెక్కిస్తారు. వందా కాదు, పదహారూ కాదు, 64. శతాబ్దాల ఆచారం. ఓడైనా, ఈ చిన్న పడవైనా అంతే. మూడో భాగంలో చిన్న పడవల జాబితా వేరే ఉంది. అందులో పేరుంటే యాజమాన్యానికి రుజువు కాదు, తాకట్టూ నమోదు కాదు. ఈ పడవ మొదటి భాగంలోనే ఉంది. రుసుము కట్టి రిజిస్టరు నకలు తెప్పించాను. మన ఇళ్ళకు ఈసీ తీయించినట్టే. తీయిస్తే ఒక తాకట్టు బయటపడింది! ఎప్పుడో పెద్దాయన ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర తీసుకున్న అప్పు. తీర్చేసి పాతికేళ్ళయిందని ఆయన మాట. అబద్ధమాడే మనిషి కాడు, కానీ రిజిస్టరులో మాత్రం పడవ ఇంకా తాకట్టులోనే ఉంది. రద్దు నమోదయ్యే వరకు ఒక్క పౌను కూడా కదలరాదని అల్లుడికి ఖచ్చితంగా చెప్పాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆయనతో సహా అందరూ నామీద గుర్రుగా ఉన్న వారమది. చివరికి అప్పు తీరినట్టు రాసిన పాత ఉత్తరం ఆయన అటక మీద దొరికింది. కంపెనీ చేతులు మారినా వారసులు సంతకం చేశారు. నాలుగు వారాలు పట్టింది.

ఆ నాలుగు వారాల్లోనే 64 అన్న అంకె మా అమ్మాయి తలలో పనిచేసింది. "అన్నీ మనమే ఎందుకు కొనాలి?" అని అడిగింది. అల్లుడి ఆఫీసులో ఒకతనికీ ఇదే పిచ్చి. 32 వాటాలు ఇతనికి, 32 అతనికి. రేవు అద్దె, రంగులు, బీమా సగం సగం. ఇల్లు కొనే డబ్బులో ఎనిమిది వేలే కదిలాయి. వద్దని చెప్పమన్న అమ్మాయే దారి చూపింది. నేను ఒప్పందం కాగితం రాసిపెట్టాను. ఒకరు విడిపోతే ధర ఎవరు కట్టాలి, ఒకరు చనిపోతే ఏమిటి అన్నవి కూడా రాస్తుంటే, అల్లుడికి నచ్చలేదు. రాయకుండా వదల్లేదు.

మూడోసారి పడవ నీటిలోకి దిగిన తరవాతి ఆదివారం వెళ్ళాం. మా ఆవిడా వచ్చింది. నది దాటి సోలెంట్ జలసంధిలోకి రాగానే గాలి పట్టి పడవ ఒక పక్కకు ఒరిగింది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కింద స్టవ్వు మీద పాలగిన్నె ఒక్క చుక్క ఒలకలేదు. మా ఆవిడ రెండుసార్లు దిగి చూసొచ్చింది. ఎదురుగా వైట్ ద్వీపంలోని యార్మౌత్ చేరేసరికి గంట దాటింది. పెద్దాయనను కూడా పిలిచాంగానీ రాలేదు. ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాడు.

వాటాల కాగితం ఇంటి దస్తావేజులకని అమ్మాయి తెచ్చిన ఫైల్లో ఉంది. ప్రస్తుతానికి ఆ ఫైల్లో ఉన్నది అదొక్కటే.