పిడికెడు బియ్యం

మా పూజగదిలో దేవుడి పటాల పక్కన ఒక బియ్యం డబ్బా ఉంటుంది. చూసినవాళ్ళు అక్షింతలకనుకుంటారు. ఒకావిడైతే, “ఏం నోమండీ ఇది?” అని అడిగింది కూడాను. ఏ నోమూ కాదు. కథ మాత్రం ఉంది.

అసలు నేను బేరాల భక్తురాలిని. తెనాలి బజార్లో వంకాయలు బేరమాడినట్టే దేవుడితోనూ ఆడేదాన్ని. పరీక్ష పాసైతే నూట ఎనిమిది ప్రదక్షిణాలు, ఆయనకి బదిలీ ఆగితే వైకుంఠపురంలో వెంకటేశ్వరస్వామికి కల్యాణం. పనయ్యాకే కొబ్బరికాయ. ముందస్తు చెల్లింపులు లేవు. నవ్వకండి, మీలో ఎంతమంది ఇలాంటివారో నాకు తెలుసు.

1980లో మా పెద్దవాడికి జ్వరం వచ్చింది. వాడికి ఆరేళ్ళు. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లోనూ నేను మొక్కని దేవుడు లేడు. పసుపుగుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టి పటం ముందు పెట్టాను. పన్నెండోనాడు వాడు లేడు.

కర్మకాండ అయ్యాక పూజగదికి తాళం వేసి, తాళంచెవి నా గుత్తికే తగిలించుకున్నాను. అత్తయ్యగారు ఒక్క మాటనలేదు. దీపం కుందె తీసుకెళ్ళి తులసికోట దగ్గర పెట్టుకున్నారు. శనివారం శనివారం వైకుంఠపురం వెళ్ళేవారు. ప్రసాదం నా ముందు పెట్టకుండా, దారిలోనే వీధిపిల్లలకి పంచేసి వచ్చేవారు. ఆవిడ ఓపిక అప్పుడు నాకు మొండితనంలా కనిపించింది.

ఏడాది తిరిగాక బాపట్లనుంచి మా పిన్ని వచ్చింది. “నాలుగు రోజులు మా ఇంట్లో ఉందువుగాని, రావే” అని రైలెక్కించింది. పిన్నీవాళ్ళ ఇల్లు భావనారాయణస్వామి గుడికి దగ్గర. నేను గుడి గడప తొక్కనన్నాను. “గుడికి వద్దులే, జిల్లెళ్ళమూడి వెళ్దాం, అమ్మని చూసొద్దాం” అంది. సరేనన్నాను. భక్తి ఉండి కాదు, తగువు పెట్టుకుందామని. నా కొడుకునే ఎందుకు తీసుకెళ్ళాడు? ఈ ఒక్క ప్రశ్న కొంగున ముడివేసుకుని బస్సెక్కాను.

తెలియనివారికోసం చెప్తాను. జిల్లెళ్ళమూడి అమ్మగారు అనసూయాదేవి. 1923లో మన్నవలో పుట్టి, ఆ ఊరి కరణంగారి భార్యగా జిల్లెళ్ళమూడి వచ్చారు. 1958 ఆగస్టు 15న అక్కడ అన్నపూర్ణాలయం మొదలైంది. ఎవరొచ్చినా కులం, మతం, పని ఏమీ అడక్కుండా అన్నం పెడతారు. అమ్మగారు 1985లో పోయారు. వడ్డన మాత్రం ఆగలేదు.

మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. “ముందు భోజనాలు కానివ్వండమ్మా” అన్నారు. నాకు గొంతు దిగేట్టు లేదు. ఊరికే గోడవారన నిలబడ్డాను. ఇంతలో ఎవరో హడావుడిగా అన్నం బకెట్టు నా చేతికిచ్చి, “అటు పంక్తి చూడమ్మా” అని వెళ్ళిపోయారు. కాదనే వ్యవధి ఏదీ? ఒక కూలావిడ, ఆవిడ పక్కన గుమస్తాలా ఉన్నాయన, ఆ పక్కన ఎవరో ముసలాయన. చివర్లో ఒక కుర్రాడు. ఆరేడేళ్ళుంటాయి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టకుండా నా మొహంలోకి చూసి, “ఇంకొంచెం” అన్నాడు.

పెట్టాను. మళ్ళీ “ఇంకొంచెం” అన్నాడు. బకెట్టు అక్కడ దింపి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టాను.

అప్పుడు రేపల్లెలో మా అమ్మ గుర్తొచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మా పెరటి వసారా కప్పు ఎగిరిపోయింది. తెల్లారేసరికి పల్లపు ఊళ్ళవాళ్ళు తడిబట్టలతో రావడం మొదలుపెట్టారు. అమ్మ మూడు రాళ్ళమీద గుండిగ ఎక్కించి గంజి కాచింది. ఆ వారమంతా అమ్మ దేవుడికి దీపం పెట్టలేదు. పొయ్యి మాత్రం ఆరనివ్వలేదు. “పూజ మానేశావేమే?” అని అమ్మమ్మ అడిగితే, “చేస్తూనే ఉన్నానుగా” అంది. అప్పుడది నాకు మాటకి మాటలా వినిపించింది.

మూడు పంక్తులు వడ్డించాక నాకు ఆకలేసింది. ఏడాదిలో మొదటిసారి. తర్వాత దర్శనానికి వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. దణ్ణం పెట్టుకుని తప్పుకున్నాను. ప్రశ్న అడగలేదు. భయమేసి కాదు. దానికి జవాబొచ్చినా నాకేం ఒరుగుతుందో తోచలేదు.

ఆ ఊళ్ళో ఇల్లాళ్ళు వంటకి ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు అమ్మగారే చేశారట. తిరుగుప్రయాణంలో బస్సులో పిన్ని చెప్పింది. తెనాలి రాగానే ఖాళీ డాల్డా డబ్బా కడిగాను. ఆ బియ్యమే మా ఎలుకలకి మరీ రుచించాయి! రెండుసార్లు డబ్బా దొర్లించాయి. “ఎక్కడ పెడదామమ్మాయ్?” అన్నారు అత్తయ్యగారు అమాయకంగా. ఇంట్లో ఎలుకలు దూరని గది ఒక్కటే ఉంది.

తాళం తీశాను. ఎండిన పూలు, బూజు, పటం ముందు ఆ పసుపు ముడుపు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత ముడి విప్పి, ఆ పదకొండు రూపాయలకీ బియ్యం తెప్పించి డబ్బాలో పోశాను. ఆ రోజు దీపం అత్తయ్యగారే పెట్టారు. నేను వత్తి చేసిచ్చాను.

దుఃఖం పోయిందా అంటే పోలేదు. వాడి పుట్టినరోజుకి ఇప్పటికీ నాకు నిద్రపట్టదు. కానీ తెల్లారి బియ్యం కొలిచేవేళ ఒక చిన్న సంతోషం కలుగుతుంది. పేరు తెలియని ఏ పిల్లాడో “ఇంకొంచెం” అంటే పెట్టడానికి నా చేత్తో తీసినవి ఉన్నాయి కదా అని. దేవుణ్ణి అడగడం మానేశానా? అబద్ధమెందుకు, మొన్న మనవడి పరీక్షలకి అడిగాను. బేరం మాత్రం పెట్టలేదు.

డాల్డా డబ్బా ఎప్పుడో తుప్పుపట్టింది. ఇప్పుడున్నది కోడలు కొన్న ప్లాస్టిక్కుది. అమ్మాయికి కుక్కరు పెట్టే హడావుడిలో ఒక్కోరోజు మరుపొస్తుంది. మర్నాడు రెండు పిడికిళ్ళు వేస్తుంది. డబ్బా నిండితే బాపట్లవైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటాం. ఈ నెల ఇంకా ఎవరూ తగల్లేదు.