తాను మీది బొమ్మలు

మిల్లు బట్ట తాను మీద అంటించే రంగుల కాగితాన్ని మన పెద్దలు టికెట్ అనేవాళ్లు, కొందరు ఛాపు అనేవాళ్లు. లక్ష్మి, కృష్ణుడు, ఏనుగు, పులి. చదువు రానివాళ్లు దుకాణంల ‘ఏనుగు ఛాపు ఇయ్యి’ అంటే చాలు, అడిగిన బట్టే దొరికేది. బొమ్మే కంపెనీ పేరు. ఇంగ్లీషోళ్ల కాలంలో మాంచెస్టర్ బట్ట మీద కూడా మన దేవుళ్ల బొమ్మలే వచ్చేవి. రాతి మీద ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు తీసి ముద్రించేవాళ్లు.

మా బాపు ముంబైలో ఒక మిల్లుల ఫోల్డింగ్ ఖాతాలో పని చేసిండు. ఆయన చేరేనాటికే టికెట్లు తగ్గి, బట్ట అంచుకు ముద్ర కొట్టుడు ఎక్కువైంది. గోదాములో మిగిలిన పాత కట్టలు చెత్తకు పోతుంటే అడిగి ఇంటికి తెచ్చేటోడు. నేనూ తమ్ముడూ చాల్ వరండాల వాటిని గోడకు కొట్టి ఆడేది. ఎవరి టికెట్ ఎదుటివాళ్ల టికెట్ మీద పడితే రెండూ వాళ్లవే. తమ్ముడు తొండి ఆడేటోడు, ఇప్పటికీ ఒప్పుకోడు.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. మీలో చాలామందికి ఆ కథ కొత్తగా చెప్పనక్కరలేదు. బాపును మిల్లువాళ్లు మళ్లీ పిలవలేదు. ఇత్తడి బిందెలు అమ్మినం, రేడియో అమ్మినం. టికెట్లను అప్పుడు ఎవరూ కొనరు కాబట్టి అవి బిస్కెట్ డబ్బాల అట్లనే ఉండిపోయినయి.

మొన్న మనవడు ఫోన్ల ఒకటి చూపించిండు. అమెరికాల బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు ఉంటయట. ముందు సిగరెట్ పెట్టెల్లో, తర్వాత బబుల్‌గమ్‌తో ఇచ్చేవాళ్లు. 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది! మడత పడకుండా కొత్తదాని లెక్క ఉన్నదని అంత ధర. పిల్లలు ఆడుకోని కార్డుకే విలువన్న మాట. నాకైతే నవ్వొచ్చింది.

మనవడే పాత వస్తువులు కొనే ఒకాయనను తీసుకొచ్చిండు. ఆయన అరవై మూడు టికెట్లను రెండు కుప్పలు చేసిండు. అంటించనివి, శుభ్రమైనవి ఇరవై ఒక్కటి ఆయనకు కావాలె. మూలలు నలిగినవి, వెనక గంజి ఎండినవి వద్దన్నడు. శుభ్రమైనవాటిల ఒక లక్ష్మి ఉన్నది, బంగారు రంగు ఇంకా మెరుస్తున్నది. అన్నిటికన్నా దానికే ఎక్కువ ఇస్తనన్నడు. తిప్పి చూస్తే వెనక బాపు చేతిరాత. సమ్మెనాటి కిరాణా బాకీ, పెన్సిల్‌తో తెలుగుల రాసుకున్నడు.

“పర్వాలేదమ్మా, రబ్బరుతో తుడిస్తే పోతది” అన్నడు ఆయన.

ఇరవై ఇచ్చిన. ఆ పైసలతో మనవరాలి ఫీజు కట్టినం. లక్ష్మిని ఇయ్యలేదు. బియ్యం, కిరోసిన్, చాయ్‌పత్తా, పప్పు. కింద సబ్బు అని రాసి, కొట్టేసి ఉన్నది.