పాపికొండల్లో నడిచిన చదువు

యుద్ధం వస్తే శత్రుదేశపు పాస్‌పోర్టున్న మనిషిని నిర్బంధించడం మామూలే. 1939లో హైదరాబాద్‌లో చిక్కుకుపోయిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు మాత్రం నిజాం సంస్థానం దాటకుండా అడవుల్లో తిరిగే వీలు దొరికింది. వియన్నాలో పుట్టిన ఆ మానవశాస్త్ర పండితుడు అప్పటికే నాగా కొండలు ఎక్కి దిగినవాడు. ఇక్కడ నల్లమల చెంచులను చూసి, భార్య బెట్టీతో కలిసి గోదావరి ఒడ్డుకు, పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గరికి వచ్చారు. అప్పట్లో అది పాల్వంచ తాలూకా.

1945లో అచ్చయిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ కొండరెడ్ల ఊళ్లు పట్టుకు తిరిగి రాసిన పుస్తకం. పోడు ఎలా కొడతారు, ఎప్పుడు కాలుస్తారు, వాలు నేలను మొనకర్రతో పొడిచి జొన్నలు ఎలా వేస్తారు, అన్నీ దగ్గరుండి చూసినవే. గింజలు నిండుకున్న రోజుల్లో కొండరెడ్లకు మామిడి టెంకలే దిక్కు. టెంక పగలగొట్టి, లోపలి జీడిని వగరు పోయేదాకా నానబెట్టి, దంచి అంబలి కాస్తారు. జీలుగు కల్లు ఆ నెలల్లో మత్తు కోసం కాదు, కడుపు కోసం.

నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వెదురు సంగతి. రాజమండ్రికి తెప్పలుగా దిగిన వెదురు నరికింది కొండరెడ్లే. అప్పిచ్చిన వ్యాపారి దగ్గరే లెక్క కూడా ఉండేది; కూలి ఎంత చేసినా బాకీ తీరేది కాదు. పెళ్లి తంతులు, దేవతల కథలు రాసుకుని వెళ్లిపోయినా ఆయన్ను తప్పుపట్టేవాళ్లు లేరు. హైమెండార్ఫ్ ఆ బాకీల సంగతి తవ్వారు, సర్కారుకు నివేదికలు రాశారు. చివరికి నిజాం ప్రభుత్వం ఆయన్నే గిరిజన వ్యవహారాల సలహాదారుగా పెట్టుకుంది. ఆయన పాండిత్యం మీద నాకున్న గౌరవమంతా ఇక్కడే.

తర్వాత లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్‌లో ప్రొఫెసరయ్యారు. హిమాలయాలెక్కి షెర్పాల మీద 1964లో పుస్తకం తెచ్చారు. ఇటు రావడం మాత్రం మానలేదు. 1987లో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆదిలాబాద్ మార్లవాయిలో, గోండుల మధ్య సమాధి చేశారు. 1995లో పోయిన ఆయన అస్థికలూ 2012లో అక్కడికే చేరాయి.

కొయిదా లాంటి కొండరెడ్ల ఊళ్లున్న వేలేరుపాడు మండలం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది, పోలవరం ప్రాజెక్టు ముంపు కోసం. మనుషులకు కాలనీలు కట్టగలరు. జీలుగు చెట్లను వెంట పంపలేరు. హైమెండార్ఫ్ తీసిన ఫొటోలు సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి ప్రతులు ఆ కాలనీల బడి గోడల మీదికి రావాలి. ఫొటోలో ఉన్నది ఎవరి తాతో, ఏ గట్టు మీది పోడో చెప్పగల ముసలివాళ్లు కొందరైనా ఉన్నప్పుడే రావాలి.