ముందు ఏది కాపీ చేయాలి?

పీజీలో చేరిన ఏడాది మేము గదిలో ముగ్గురం స్కాలర్‌షిప్ డబ్బులు కలిపి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. ప్రాజెక్టు కోసం ఊరూరా తిరిగి పాత నీరటికాళ్ళను కలిశాం. తూము ఎప్పుడు ఎత్తేవారో, ఏ మడికి ముందు నీళ్ళు వదిలేవారో వాళ్ళు చెబుతుంటే సెల్‌ఫోన్లో రికార్డు చేశాం. ఫోన్లో చోటు చాలక అన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్లో చెరిపేశాం.

ఒక రాత్రి హార్డ్ డిస్క్ టక్ టక్ మనడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది బ్యాకప్. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు! సీనియర్ అన్న తన ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇచ్చి, "కొత్తదిరా, నిమిషాల్ల అయిపోతది" అన్నాడు. మొత్తం 160 జీబీకి కాపీ పెట్టాం. గంటన్నర పడుతుందని చూపించింది.

అన్న డిస్క్ తప్పేమీ లేదు. మేము దాన్ని నల్ల పోర్టుకు పెట్టాం. అది 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0. దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి లెక్కకు 60 మెగాబైట్లు, చేతికి అందేది 30, 35. పక్కనే 2008 నాటి 3.0 ప్రమాణంతో నీలం పోర్టు ఉంది. దానికి పెట్టినా మా పాత హార్డ్ డిస్క్ చదవగలిగేది సుమారు 100 మెగాబైట్లే. కాలువ ఎంత వెడల్పున్నా తూములోంచి వచ్చినంతే నీరు. పైగా చెడిపోతున్న డిస్క్ చదవలేని చోటునే మళ్ళీ మళ్ళీ చదవబోయి ఇంకా నెమ్మదిస్తుంది.

నలభై నిమిషాలకు డిస్క్ పూర్తిగా ఆగిపోయింది. అప్పటికి సినిమాలు, పాటలు వచ్చాయి. వరసలో చివరనున్న రికార్డింగులు రాలేదు. అవి మొత్తం 3 జీబీ. ముందు వాటినే పెట్టి ఉంటే ఆ నల్ల పోర్టులోనే రెండు నిమిషాల్లో వచ్చేసేవి.

మళ్ళీ ఊళ్ళు తిరిగాం. అందరూ ఓపికగా మళ్ళీ చెప్పారు. ఒక తాత మాత్రం లేడు. ఆయన కోడలు, "మీకాడ మా మామ గొంతు ఉన్నదట గదా, ఒక్కసారి వినిపియ్యుండ్రి" అని అడిగింది. మేము తల వంచుకుని నిలబడ్డాం.

తమ్ముళ్ళూ, డిస్క్ చప్పుడు చేసేదాకా ఆగకండి. ఆ రోజు చేసిన పనిని ఆ రోజే రెండో చోట పెట్టండి, రెండు నిమిషాలు చాలు. మొత్తం బ్యాకప్ తీరిక ఉన్న రోజు పెట్టుకోండి. తొందర ముంచుకొస్తే మాత్రం, మళ్ళీ దొరకనిదేదో అది ముందు తీయండి. సినిమా ఎవరి దగ్గరైనా దొరుకుతుంది.